ఉస్తాద్ బొటనవేలు

మా గల్లీల కంప్యూటర్ మీద నడిచే సీఎన్సీ మిషన్ మొట్టమొదట తెచ్చింది నేనే. ఒకప్పుడు ఈ ముచ్చట పెండ్లిండ్లల్ల, చాయ్ హోటల్ల, ఆఖరికి ఒకరింటికి దినాలకు పోయిన కాడ గూడ చెప్పుకున్న. ఇప్పుడు ఎవరన్న ఆ మాట ఎత్తితే ఫోన్ చూస్కుంట పక్కకు పోత. మిషన్ది తప్పేం లేదు. అది ఈయాల్టికి గూడ మంచిగనే నడుస్తుంది. తప్పు నాది. దాన్ని ఇన్ని దినాలు మింగలేక కక్కలేక తిరిగిన.

నాది ఇనుప ముక్కల్ని తిప్పి చెక్కే లేత్ వర్క్‌షాప్. జహనుమా కాడ, ఆటో వస్తే బైకు ఆగాల్సిందే అన్నంత సన్నటి గల్లీ. ఒక పక్క వెల్డింగ్ దుకాణం, ఇంకో పక్క గాజుల డబ్బాలు అతికే ఇల్లు. మాకొచ్చేదంత రిపేర్ పని. పిండి గిర్ని షాఫ్టు, బోరు మోటర్ బుష్షు, కుట్టు మిషన్ చక్రం. డ్రాయింగ్ కాగితం పట్టుకొని ఎవరూ రారు. అరిగిన ముక్క ఒకటి పాత గుడ్డల చుట్టుకొని తెస్తరు, "అన్నా, గిట్లాంటిది ఇంకోటి చేసియ్యి" అంటరు. చూస్తే అల్కటి పని లెక్కనే ఉంటది. కానీ తెచ్చిన ముక్క అరిగిపోయి ఉంటది గద, ఉన్నదున్నట్టు చేసిస్తే అరిగిపోయిందే మల్ల చేసిచ్చినట్టు. అరగకముందు అది ఎంతుండెనో పట్టుకునుడే మా విద్య.

ఆ విద్య ఉన్నది నాకు పని నేర్పిన ఉస్తాద్‌కి. మా బాపు సర్కారు ఫ్యాక్టరీల ఫిట్టర్. నేను ఐటీఐ అయినంక ఇంట్ల ఉత్తగ కూసుంటే, చెయ్యి పట్టుకొని తీస్కపోయి ఉస్తాద్ ముంగట నిలవెట్టిండు. "చదువు వచ్చింది భాయ్, పని రాలే" అన్నడు. ఉస్తాద్ నవ్విండు. నా సర్టిఫికెట్ చూడలే. నా కుడిచెయ్యి పట్టుకొని, బొటనవేలు చాపి, ఒక పాత షాఫ్టు మీద పెట్టి అటు ఇటు జరిపిండు. "చూడకు. కండ్లు మూస్కో. కండ్లు అబద్ధం చెప్తయ్" అన్నడు. ఒక కాడ గోరుకు ఏదో తట్టింది. వెంట్రుక మందం మెట్టు. "తెలిసిందా? గదే. గా మెట్టుకు ఇవతల అరిగింది, అవతల అరగలే. అవతల అసలు కొలత ఉంటది." మొదటి దినం నేర్చుకున్న పాఠం అదే. ఇంకో మాట గూడ చెప్పిండు, ఈ వేలుకు ఎప్పుడూ దెబ్బ తగలనియ్యకని.

ఎవరు ముక్క తెచ్చినా ఉస్తాద్ అడిగే మొదటి మాట ఒకటే. "యే కాఁ బైఠ్తా?" ఇది యాడ కూసుంటది? అది ఏ మిషన్‌ల, దేని పక్కన, దేని మీద తిరుగుతదో తెల్వనిది ముక్కను లేత్ మీద ఎక్కియ్యడు. గిరాకి తొందరల ఉన్నా సరే, అంత విని, బొటనవేలుతోని ముక్కంత తడిమి, అప్పుడు మైక్రోమీటర్ తీస్తడు. గల్లీల ఆయనకు సొంతిల్లు లేదు, జాగ లేదు. ఉన్న ఆస్తి ఆ బొటనవేలు, దాని మీద బస్తీకున్న నమ్మకం. "ఉస్తాద్ చెయ్యి పడ్డదంటే ఫికర్ లేదు" అనేటోళ్ళు.

కొన్నేండ్లకు దుకాణం పాత మాలిక్ ఇడిచిపెట్టి పోతే నేనే నడుపుతనని తీసుకున్న. బోర్డు మీద నా పేరొచ్చింది. ఉస్తాద్ ఎప్పటిలెక్కనే తన లేత్ కాడ ఉండె. తన కాడ పని నేర్చుకున్న షాగిర్ద్ మాలిక్ అయినందుకు ఆయనకు బాధ లేకుండె, పైగా సంబురపడ్డడు. బాధంత నాదే. ఎందుకంటే గిరాకి షట్టర్ కాడ నిలవడి, బోర్డు కింద కూసున్న నన్ను చూసి, "ఉస్తాద్ ఉన్నడా?" అని అడిగేది. ఉన్నడంటే లోపటికొచ్చేది, లేడంటే "మల్లొస్తం" అని పోయేది. మాలిక్‌ని నేను, పనోడు ఆయన, గిరాకేమో ఆయనది. చెప్తే సిగ్గుపోతది గానీ, నేను సీఎన్సీ తెచ్చింది పని కోసం సగం, ఈ మంట కోసం సగం.

సెకండ్ హ్యాండ్‌దే తెచ్చిన. శహరుకు అవతలి దిక్కున్న పెద్ద కంపెనీలల్ల అవి ఎప్పటిసందో ఉన్నయ్ గానీ, మా దిక్కు ఎవరి దగ్గరా లేకుండె. ప్రోగ్రాం నేర్చుకునుడు కోసం రెండు బస్సులు మారి నెలల తరబడి ఒక ట్రైనింగ్‌కు పోయిన. మిషన్ వచ్చిన దినం క్రేను గల్లీలకు రాలే. ఇనుప పైపులు కింద పరిచి, ఇరవై మంది నెట్టి, మా షట్టర్ పక్కన గోడ సగం పలగ్గొట్టి లోపటికి జరిపినం. పిల్లలు ముసలోళ్ళు అంత గుమిగూడిన్రు. వెల్డింగ్ అన్న వీడియో తీసి స్టేటస్ పెట్టిండు. ఉస్తాద్ అందరికంటే ముంగట ఉండి "ధీరే, ధీరే, ఎడమకు జరుపు" అనుకుంట చెమటలు కక్కిండు. మిషన్ కూసున్నంక దాని మీద చెయ్యి పెట్టి నా దిక్కు చూసి, "ముబారక్ బేటా" అన్నడు.

ఆ చెయ్యి నూనె చెయ్యి. తెల్లటి మిషన్ మీద నల్లగ అచ్చు పడ్డది. నేను జేబుల గుడ్డ తీసి ఆయన ముంగట్నే తుడిచిన.

కొత్తొక వింత, పాతొక రోత అంటరు గద, గట్లనే అయింది. మిషన్ చుట్టు అద్దాల క్యాబిన్ కట్టించిన. దుమ్ము పోవద్దని ఏసీ పెట్టించిన. ఉస్తాద్ లేత్‌ను షట్టర్ కాడ మూలకు జరిపిన, ఎండకాలం ఎండ మీద వడే జాగ అది. క్యాబిన్‌లకు చెప్పులిడిసి రావాలె, చేతులు కడుక్కొని రావాలె అని రూలు పెట్టిన. వర్క్‌షాప్‌ల ఉన్నది నేను, ఉస్తాద్, అంతే. మరి ఆ రూలు ఎవరికోసమో వేరే చెప్పాల్నా. ఆయన రెండు మూడు సార్లు చేతులు కడుక్కొని వచ్చి, అద్దంలకెల్లి టూల్ దానంతటదే జరుగుతుంటే చూసి "కమాల్ హై" అన్నడు. నాకు ఆ మెచ్చుకోలు చాలలే. ఓడిపోయిన అంటే బాగుండు అనుకున్న.

ఎండకాలం ముంగట ఒక సేఠ్ వచ్చిండు. చెరుకు రసం మిషన్లు తయారు చేపిచ్చి బండ్లోళ్ళకు అమ్ముతడు. ఆయన గూడ పాత గిరాకే, ఉస్తాద్ గిరాకి. ఈసారి నలభై షాఫ్టులు కావాలన్నడు. చెరుకును పిండే రోలర్ నడుమ ఉండే ఇనుప షాఫ్టు, అది గొట్టం లెక్కుండే ఇత్తడి బుష్షుల తిరుగుతది. బుష్షులు కొత్తయి పోతపోసి తన దగ్గర ఉన్నయట. షాఫ్టు మాత్రం సాంపిల్ తెచ్చిండు. మస్తు ఏండ్లు మంచిగ నడిచిన మిషన్‌లకెల్లి ఇప్పి తెచ్చిన షాఫ్టు.

సేఠ్ అలవాటుగ ముక్కను ఉస్తాద్ చేతికే ఇచ్చిండు. నేను క్యాబిన్‌లకెల్లి చూస్తున్న. ఉస్తాద్ దాన్ని అటు ఇటు తిప్పి, "యే కాఁ బైఠ్తా?" అన్నడు. ఇగ నాకు మండింది. సీఎన్సీ పెట్టుకొని గూడ ఇంకా గదే పాత పాట. బయటికొచ్చి, ఆయన చేతులకెల్లి షాఫ్టు తీసుకున్న. "ఉస్తాద్, ఇప్పుడు గదంత అవసరం లేదు. మిషన్‌కు కొలత చాలు. నలభై ఉన్నా నాలుగొందలున్నా ఒక్కటే తీరుగ వస్తయ్" అన్న. సేఠ్ వినాలనే అన్న. తాతకు దగ్గులు నేర్పినట్టు.

ఉస్తాద్ బొటనవేలు అప్పటికే షాఫ్టు మీద ఒకసారి జరిగింది. నేను తీసుకుంటుంటే నా దిక్కు వంగి, మెల్లగ, నాకు మాత్రమే ఇనవడేటట్టు అన్నడు: "ఘిస్ గయా యే." ఇది అరిగింది.

నేను విన్న. ఈ కథల గట్టిగ చెప్పుకోవాల్సింది ఇదొక్కటే. నేను విన్న. వెల్డింగ్ దుకాణంల గ్రైండర్ సప్పుడైతుండె, సేఠ్‌కు ఇనవడలే. నాకు సాఫ్‌గ ఇనవడ్డది. గిరాకి ముంగట నన్ను మల్ల షాగిర్ద్‌ను చేస్తున్నడని కోపమొచ్చింది. లోపటికి పోయి డిజిటల్ వెర్నియర్ పెట్టిన. ఎంత చూపిస్తే అంత రాసుకున్న. మెట్టు కోసం వేలు జరిపి చూడలే. ఐటీఐ పోరడు గూడ చెయ్యని తప్పు అది. నేను చేసిన.

మిషన్ ఏం చెప్తే అది చేస్తది పాపం. నలభై షాఫ్టులు అద్దం లెక్క మెరుసుకుంట వచ్చినయ్. ఒకదానికి ఒకటి వెంట్రుక తేడా లేదు. బల్ల మీద వరుసగ పేర్చి ఫోటో తీసి గ్రూపులల్ల పెట్టిన. ఉస్తాద్ ఒకటి చేతులకు తీసుకొని చూసిండు. ఏమన్నా అంటడేమోనని చూసిన. "సఫాయి బాగొచ్చింది" అని పెట్టేసిండు. నేను మల్ల కొలిచి సరిచేసుకున్న అనుకున్నట్టుంది. తన షాగిర్ద్ విన్నది వదిలేస్తడని ఆయనకు తోచలే.

పది దినాలు కాలే, సేఠ్ ఇద్దరు బండ్లోళ్ళను ఎంటవెట్టుకొని వచ్చిండు. మొఖం ఎర్రగున్నది. కొత్త బుష్షుల ఈ షాఫ్టులు లొడలొడ అంటున్నయ్. రోలర్ ఊగుతుంది, చెరుకు నలుగుతలేదు, పిప్పి తడితడిగనే బయటికొస్తుంది. బండాయన ఒకాయన సంచిలకెల్లి పిప్పి తీసి నా బల్ల మీద పెట్టి పిండిండు. రసం కారి నేను ఫోటో తీసిన జాగల పారింది. "రంజాన్ బజార్ ముంగటుంది, గీ మిషన్‌తోని నేనేం అమ్మాలె" అన్నడు. లొల్లి ఇని గల్లీల సగం మంది షట్టర్ కాడికి వచ్చిన్రు. వెల్డింగ్ అన్న గూడ వచ్చి నిలవడ్డడు.

సేఠ్ అడిగిండు: "అరిగిన సాంపిల్‌కు అరిగిన కొలతనే పెట్టిన్రు. ఎవలు చూసిన్రు దీన్ని?"

నాకు అప్పుడు రెండు తొవ్వలున్నయ్. రెండూ ఒక్కొక్క మాట దూరమే. ఉస్తాద్ తన లేత్ కాడ చేతుల గుడ్డతోని నిలవడ్డడు. అద్దాల క్యాబిన్, ఏసీ, గ్రూపులల్ల ఫోటోలు, షట్టర్ కాడ మంది, అన్నీ నా కండ్ల ముంగట తిరిగినయ్. నోరు దానంతటదే తెరుసుకున్నది.

"సాంపిల్ ముందు ఉస్తాద్ చేతికే ఇచ్చినవ్ గద సేఠ్. ఆయన చూసినంకనే పెట్టిన" అన్న.

అబద్ధం గూడ పూర్తిగ ఆడలే సూడు. ఒక్కొక్క మాట విడిగ చూస్తే నిజమే. ఆయన చేతికి ఇచ్చిందీ నిజం, ఆయన చూసిందీ నిజం. గట్లాంటి అబద్ధమే మస్తు చెడ్డది.

ఉస్తాద్ నా దిక్కు చూసిండు. గుడ్డతోని వేళ్ళు ఒకటొకటే తుడుసుకున్నడు. నేను తల వంచుకున్న, దొంగకు తేలు కుట్టినట్టు. అప్పుడు ఆయన అన్నడు: "హౌ. నా చేతికే వచ్చింది. నా గలతీ సేఠ్." మంది సల్లవడ్డరు. ఉస్తాద్ గలతీ అంటే ఏం మాట్లాడుతరు. సేఠ్ గూడ గొంతు తగ్గించి, "కండ్లు సరిగ కనవడ్తలేవా ఉస్తాద్? వయసు గూడ అయిపాయె" అన్నడు, పాపం నిజంగనే బాధపడుకుంట.

మందంత పోయినంక నేను ఆయన దగ్గరికి పోయిన. ఆయన "షాగిర్ద్ గలతీ ఉస్తాద్ గలతీనే బేటా" అన్నడు. "నీది కొత్త మిషన్. మొదట్లనే పేరు చెడొద్దు. నాదేముంది, ముసలోన్ని." గట్లని సేఠ్ దగ్గరికెల్లి బుష్షుల కోసం ఇత్తడి తెప్పిచ్చుకున్నడు.

నలభై షాఫ్టులకు కొత్త బుష్షులు ఆయన ఒక్కడే చేసిండు. ఏ షాఫ్టుకు ఆ బుష్షు, జరంత బిగువుగ, చేత్తోని తిప్పితే నూనె మీద తిరిగినట్టు తిరగాలె. పొద్దుగాల షట్టర్ తీసినప్పటిసంది మీదికి ఎండొచ్చేదాక, ఎండొచ్చినంక తలకు తడిగుడ్డ కట్టుకొని. నేను అద్దం ఇవతల ఏసీల కూసొని చూసిన. పోయి సాయం చేయొచ్చు. చేస్తే ఎందుకు చేస్తున్నవని ఆయన అడగడు, కానీ నాకే చెప్పుకోవాల్సి వస్తది. అందుకే పోలే.

సేఠ్ పని గట్టెక్కింది. బండ్లు రంజాన్‌కు మంచిగ నడిచినయ్. ఉస్తాద్ పేరు మాత్రం నడవలే. "ఉస్తాద్‌కు కండ్లు పోయినయట" అనే ముచ్చట గల్లీ దాటి పత్తర్‌గట్టిల ఉన్న కుట్టు మిషన్ల రిపేర్ దుకాణాల దాక పోయింది. గుడ్డల ముక్క చుట్టుకొని వచ్చినోళ్ళు షట్టర్ కాడ నిలవడి, ఆయనను చూసి సలాం కొట్టి, ఆయన ముంగటికెల్లే నడిసి నా క్యాబిన్‌లకు వచ్చేటోళ్ళు. "భాయ్, మిషన్ మీదనే చెయ్యి, ముసలాయనకు ఇయ్యకు" అని గుసగుస. నేను కోరుకున్నది గదే గద. వచ్చింది. తిన్నది అరగనట్టుండె.

నాకు తెలుసు, ఆయన ఏనాడూ కండ్లతోని కొలవలే అని. గల్లీ మొత్తంల ఆ సంగతి తెలిసినోన్ని నేనొక్కన్నే. ఒక్క మాట అంటే అయిపోయేది. వెల్డింగ్ అన్నతోని అయినా చాలు, ఆయనకు చెప్పినంక మైకుల చెప్పినట్టే. రోజు పొద్దుగాల అనుకునేటోన్ని, ఈయాల చెప్త అని. సాయంత్రం షట్టర్ దించేటోన్ని.

ఒకనాడు ఉస్తాద్ చేతులు కడుక్కొని, చెప్పులిడిసి, క్యాబిన్ తలుపు మీద కొట్టిండు. చేతుల ఒక చిన్న పుల్లీ. "జర నీ డిజిటల్‌తోని చూడు బేటా, సరిగున్నదా?" అన్నడు. అన్నేండ్లల్ల ఆయన తన పని ఇంకొకరితోని చూపిచ్చుకున్నది మొదటిసారి. చూసిన. ఎంతుండాల్నో అంతనే ఉన్నది. "బానే ఉంది ఉస్తాద్" అన్న. "నిజంగనా?" అన్నడు. తర్వాత దినాం తేబట్టిండు. ఒక్కో ముక్కను మూడేసి సార్లు. ఒక్కటంటే ఒక్కటి తప్పు రాలే, అయినా ఆయనకు నమ్మకం కుదరలే. పండుగైనంక ఒక నెలకు, "ఇగ రాను బేటా, వేలు మొద్దువారింది" అని చెప్పి, లేత్‌ను కిరోసిన్‌తోని కడిగి, తుడిచి, పట్టా కప్పి పోయిండు. ఉండుమని రెండుసార్లు అన్న. మూడోసారి అనలే.

ఆ ఏడు దసరాకు మిషన్లకు పూజ చేసిన. సీఎన్సీకి పెద్ద దండ ఏసిన. ఎప్పుడు గూడ మొదటి లడ్డు ఉస్తాద్ చేతుల పెట్టినంకనే నేను నోట్ల పెట్టుకునేటోన్ని. ఈసారి లడ్డు పట్టుకొని ఎవరికియ్యాల్నో తెల్వక నిలవడ్డ. పాత లేత్ మీద పట్టా తీసి బొట్టు పెడుదామని వంగితే, ట్రేల ఆయన చేతుల గుడ్డ మడతపెట్టి ఉన్నది. ఉతికి, ఆరబెట్టి, నాలుగు మడతలు. నాకు ఏడుపొచ్చింది. బొట్టు పెట్టి, లడ్డు కాగితంల కట్టుకొని బండి తీసిన.

ఆయన ఇల్లు దూరం లేదు, నడిస్తే గూడ అయితది. అన్ని నెలలల్ల నేను పోయింది అదే మొదటిసారి. వాకిట్ల కుర్చీల కూసున్నడు, కండ్లద్దాలు పెట్టుకొని. ఆయన బిడ్డ కండ్ల దవాఖానకు తీస్కపోయిందట. డాక్టరు చూసి వయసుకు తగ్గట్టు బానే ఉన్నయన్నడట. అయినా ఉస్తాద్ పట్టువట్టి అద్దాలు రాయించుకున్నడు. అంతమంది అంటున్నరంటే ఏదో ఉంటది గద అని. లడ్డు చేతుల పెడితే తీసుకొని, తలకానిచ్చుకొని, "లేత్‌కు బొట్టు పెట్టినవా?" అని అడిగిండు. పెట్టిన అన్న.

బిడ్డ చాయ్ తెచ్చి పెట్టి లోపటికి పోయింది. ఉస్తాద్ కుర్చీ కిందికెల్లి ఒక గుడ్డ మూట తీసిండు. ఇప్పితే అండ్ల ఆ సాంపిల్ షాఫ్టు. సేఠ్‌ను అడిగి తెచ్చుకున్నడట. కండ్లు మూసుకొని బొటనవేలు దాని మీద జరిపిండు. ఒక కాడ ఆగింది.

"ఇదో, ఈడ ఉంది మెట్టు. చిన్న పోరనికి గూడ తెలుస్తది. దినాం పట్టుకొని చూస్త బేటా, దినాం తెలుస్తది. ఆ దినం ఎట్ల తెల్వలేదో సమజ్ అయితలేదు. చేతుల పట్టుకున్న గుర్తుంది, అంతవరకే గుర్తుంది" అన్నడు.

నేను ఆయన నన్ను కాపాడుతున్నడనే అనుకున్న ఇన్ని దినాలు. కాపాడింది ఆ ఒక్క దినమే. తర్వాత గల్లీ అనంగ అనంగ, గదే ఆయన గూడ నమ్మిండు. తన వేలునే తను తప్పువట్టుకున్నడు.

"తెలిసింది ఉస్తాద్" అన్న. "ఆ దినం గూడ మీకు తెలిసింది. ఘిస్ గయా యే అని నా చెవుల అన్నరు. నేను విన్న. విని గూడ అరిగిన కొలతనే పెట్టిన. మీ మీదికి నూకిన."

ఆయన కండ్లద్దాలు తీసి ఒళ్ళె పెట్టుకున్నడు. "నేను అన్ననా?"

"అన్నరు."

"నువ్వు విన్నవా?"

"విన్న ఉస్తాద్."

తిడితే బాగుండు అనుకున్న, ఒక్కటి కొట్టినా బాగుండు. ఆయన బొటనవేలును మొఖం ముంగటికి తెచ్చుకొని, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నడు. "అంటే ఇది మంచిగనే ఉందన్నట్టు" అన్నడు. మొఖంల సంబురం వచ్చి, ఎంటనే పోయింది. "మరి పనికి రాదనుకొని నా మైక్రోమీటర్లు, పానాలు, అన్నీ జుమేరాత్ బజార్ల అమ్మేస్తి గద బేటా" అన్నడు.

నేను ఆయన కాళ్ళు వట్టుకున్న. లేపిండు. "గల్లీల చెప్తవా?" అని అడిగిండు. తన పేరు కోసం ఆయన నన్ను ఏదన్నా అడిగింది జీవితంల అదొక్కటే. చెప్త అన్న.

తెల్లారి చెప్పిన. సేఠ్‌ను పిలిపిచ్చి, వెల్డింగ్ దుకాణం ముంగట, నలుగురు ఉన్న కాడ. సాంపిల్ అరిగిందని ఉస్తాద్ అప్పుడే చెప్పిండు, నేనే విని ఇడిచిపెట్టిన, ఆయన నా కోసం నెత్తినేసుకున్నడు అని మొత్తం చెప్పిన. సేఠ్ అంత విని, నా భుజం మీద చెయ్యేసిండు.

"షాగిర్ద్ అంటే నువ్వు భాయ్" అన్నడు. "ముసలాయన పేరు నిలవెట్టాలని నీ మీద ఏసుకుంటున్నవ్. ఈ కాలంల ఎవరు చేస్తరు గిట్ల."

"కాదు సేఠ్, నిజంగనే" అన్న నేను. వెల్డింగ్ అన్న నవ్వి, "అన్నా, ఆయనే ఒప్పుకున్నడు గద మా అందరి ముంగట. మేం లేమా గాడ?" అన్నడు. ఒకాయన చాయ్ తెప్పిచ్చిండు నా కోసం. నేను ఎంత గట్టిగ కాదంటే, వాళ్ళకు నేను అంత మంచోన్ని అయితున్న. ఆయన చేసిన పనికి నాకు దండ ఏస్తున్నరు. చాయ్ తాగిన. వాళ్ళను నమ్మించేదాక గల్లీల నిలవడి అరవాలె నిజానికి. అరవలే.

సాయంత్రం నేను పోయేసరికి ఉస్తాద్ వాకిట్ల కుర్చీ ఏసుకొని నా కోసమే చూస్తుండె. ఉతికిన అంగీ ఏసుకున్నడు. "చెప్పినవా?"

"చెప్పిన."

"నమ్మిన్రా?"

ఆ మొఖం చూసి లేదనబుద్ధి కాలే. "నమ్మిన్రు ఉస్తాద్" అన్న.

"అయితే రేపు వస్త. షట్టర్ ఎన్నింటికి తీస్తున్నవ్?" అన్నడు.

పొద్దుగాల నాకంటే ముందే వచ్చి గల్లీ మొగదల నిలవడ్డడు. అద్దాలు పెట్టుకోలే. టూల్ డబ్బా లేదు గద, ఉత్త చేతులు రెండూ ఎనకకు కట్టుకొని, అందరికీ సలాం చెప్పుకుంట, తల పైకెత్తి నడిసిండు. నేను పక్కన నడిసిన. వెల్డింగ్ దుకాణం కాడికి రాంగనే ఆ వెల్డింగ్ అన్న మొఖం మీది టోపీ పైకెత్తి, మనసారా నవ్వి, పలకరిచ్చిండు.

"అరె ఉస్తాద్, రారి రారి. కండ్లు బాగైనయా?"

ఉస్తాద్ ఆగిండు. మెడ తిప్పి నా దిక్కు చూసిండు. నేను అద్దాల క్యాబిన్ తాళంచెవి చేతుల గట్టిగ పట్టుకొని కింద చూసిన. ఆయన మల్ల వెల్డింగ్ అన్న దిక్కు తిరిగిండు.

"హౌ బేటా" అన్నడు. "బాగైనయ్."